ఆగే దారి, ఆగని దారి

చిలమత్తూరుకు దారి అడిగితే ముందు చిలమత్తూరు పేరు రాదు. "కొడికొండ చెక్‌పోస్టు కాడ దిగు" అంటారు. బెంగళూరు వైపు నుంచి వస్తే ఎడమకి, అనంతపురం వైపు నుంచి వస్తే కుడికి తిరగాలి. ముందు చిలమత్తూరు, తర్వాత లేపాక్షి, ఇంకా పోతే హిందూపురం. లేపాక్షి బసవన్నను చూడబోయే కార్లు మా ఊరి మీదుగానే పోతాయి. ఆగేవి తక్కువ. టీ కోసమో టైర్లో గాలి కోసమో ఆగినవాళ్లు కూడా ఊరి పేరు అడగరు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక చెక్‌పోస్టులో వాణిజ్య పన్నుల తనిఖీ పోయింది, పేరు మాత్రం మిగిలింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి అక్కడ రాష్ట్రం మారుతుంది. నాలుగడుగులు దక్షిణానికి వేస్తే కర్ణాటక. అటు బాగేపల్లిలో తెలుగు వినిపిస్తుంది, ఇటు మా సంతలో కన్నడం వినిపిస్తుంది. సరిహద్దు గీత మాటల్లో కనిపించదు, బస్సుల రంగులో కనిపిస్తుంది. లారీలు మాత్రం రాత్రీ పగలూ పోతూనే ఉంటాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ దారి ఆగగా నేను చూడలేదు.

1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న దాన్నీ రెండు చేస్తే మేం శ్రీసత్యసాయి జిల్లా వాళ్లమయ్యాం. బయటి ఊళ్లలో ఎవరైనా అడిగితే ఇప్పటికీ అనంతపురమనే చెబుతాం. కరువు పేరు చెబితే ఎవరికైనా చప్పున తెలుస్తుంది కదా. పాత జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మబ్బులు పడమటి కనుమల కాడే బరువు దించుకుంటాయి, ఈశాన్యపు మబ్బులు తూర్పు తీరంలోనే ఖాళీ అయిపోతాయి. రెండు రుతుపవనాలకూ మేం దూరపు చుట్టాలం. పెళ్లికి పిలుపు వస్తుంది, భోజనాల వేళకు విస్తరి ఉండదు.

ఎర్ర నేల, మధ్య మధ్య బండరాళ్ల గుట్టలు. ఒకప్పుడు ఎటు చూసినా చెనక్కాయ చేన్లే. ఇప్పుడు నీళ్లున్న చోట మల్బరీ, టమోటా, మొక్కజొన్న. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోతాయి. చిత్రావతి కర్ణాటకలో పుట్టి బాగేపల్లి మీదుగా మా పక్క నుంచి పుట్టపర్తి వైపు పోతుందని బడిలో చదువుకున్నాం. పారే నీళ్లకన్నా పరుచుకున్న ఇసుకనే ఎక్కువగా చూశాం. బోర్లు వెయ్యి అడుగుల లోతుకు పోవడం ఇక్కడ వింత కాదు. దుమ్ము లేచిన బోరుకు చేసిన అప్పు, నీళ్లు పడిన బోరుకు చేసిన అప్పు ఒకే వడ్డీతో పెరుగుతాయి.

పొలం వదిలి పరిశ్రమ వైపు చూద్దామంటే దానికీ ఓ కథ ఉంది. 2008, 2009 ప్రాంతంలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు తీసుకున్నారు. హబ్ రాలేదు. భూములు బ్యాంకుల తాకట్టుకూ కేసులకూ పోయాయి. ఆ తర్వాత వచ్చినవన్నీ చుట్టుపక్కల వచ్చాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. 2024 జనవరి 16న పక్క మండలంలోని పాలసముద్రంలో కస్టమ్స్ అధికారుల శిక్షణ అకాడమీ. మా కుర్రవాళ్లు మాత్రం పాత దారినే పట్టారు. బెంగళూరులో తాపీ పని, డ్రైవరు పని, సెక్యూరిటీ పని. చదువుకున్నవాళ్లు అదే బెంగళూరులో కంప్యూటర్ పని. కొందరు గల్ఫుకు. కొందరు పటాలానికి. నాలాంటివాళ్లు దేవనహళ్లిలో విమానమెక్కి యూరపుకు. ఆ విమానాశ్రయం చెక్‌పోస్టు నుంచి గంట, గంటంపావు దూరం. పాత జిల్లా రోజుల్లో అనంతపురం పోయి కలెక్టరు ఆఫీసులో సంతకం పెట్టించుకోవడం కన్నా దేశం వదిలిపోవడమే మాకు దగ్గర దారిగా ఉండేది.

ఇందరు పోయే చోటికి ఏటా తప్పకుండా వచ్చేవి కొంగలు. చిలమత్తూరు మండలం వీరాపురం చూడకుండా మా ప్రాంతం చూశామనుకోవద్దు. జనవరిలో వస్తాయి. ఊరి నడుమ చింతచెట్ల మీద, ఇళ్ల కప్పులకు పైనే గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, జూలై ఆగస్టులకు పిల్లలతో ఎగిరిపోతాయి. మావాళ్లు వీటిని సైబీరియా కొంగలంటారు. బోర్డుల మీదా అలాగే రాస్తారు. నిజానికివి ఎర్రకాళ్ల కొంగలు, మన దేశపు పక్షులే. ఇక్కడి నుంచి ఇంకో చెరువుకు పోతాయి గానీ సైబీరియా ముఖం చూసి ఎరగవు. దూరం నుంచి వస్తాయనుకుంటేనే గౌరవం ఎక్కువ కాబోలు. ఆ మాట సరిదిద్దబోయి నేను ఒకటి రెండుసార్లు తిట్లు తిన్నాను.

వీరాపురంలో నాకు అన్నిటికన్నా నచ్చేది పక్షులు కాదు, ఊరు. చెట్ల కింద వాకిళ్లు రెట్టతో తెల్లబడతాయి, చేపల కంపు నెలల తరబడి పోదు. అయినా ఎవరూ రాయి విసరరు. గూటి నుంచి జారిపడిన పిల్లను తెచ్చి నీడన పెడతారు. ఇది ఏ అటవీ శాఖ ఉత్తర్వుతోనూ మొదలు కాలేదు. కొంగలొస్తే వానలొస్తాయని పెద్దలన్నారు, అది కట్టుబాటయింది. వానలు రాని ఏళ్లలో కూడా కట్టుబాటు నిలిచింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దాదాపు అయిదు వేల మైళ్ల అవతల పనికొస్తుంది.

అక్కడ నేను విన్నది సైనిక సంగీతం. అది మా ఊరికి కొత్త కాదు. పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళాన్ని చూడండి. ఎర్ర కోటు, భుజాల మీద జాలరు, నెత్తిన జరీ టోపీ, సైడ్ డ్రమ్ము, ట్రంపెట్టు, క్లారినెట్టు. తెల్లదొరల పటాలం బ్యాండు వేషమే అది, కంటోన్మెంటు గేటు దాటి పెళ్లిళ్లలోకి వచ్చింది. వాయించేది మాత్రం సినిమా పాట. ఈ దిగుమతి ఈనాటిదీ కాదు. సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయించే బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. ఇంగ్లీషు రాజుగారి జాతీయగీతం వరస కూడా అలా అమ్మవారి స్తుతి అయింది. తంజావూరు ఆస్థానంలో బ్యాండుతో వచ్చిన క్లారినెట్టు కర్ణాటక సంగీత కచేరీల్లోకి ఎక్కింది.

మా సొంత వాద్యం వేరే ఉంది. ఉరుములు. అనంతపురం జిల్లా కళ అది. డోలుకు ఒక పక్క పుల్లతో కొడతారు, రెండో పక్క వంకర పుల్లతో చర్మాన్ని రాస్తారు. ఆ రాపిడికి మూలుగులాంటి శబ్దం వస్తుంది. అమ్మవారి జాతరలో ఆ మూలుగు లేచిందంటే పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారు. ఉరుములు వాయించేది మాల కులస్తులు. జాతరలో వాళ్ల వాద్యం లేకుండా అమ్మవారు కదలదు. జాతర అయ్యాక వాయించినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టేవారన్నది మాత్రం మా ఊళ్లు గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడు వీణ పట్టుకుని ఉంటాడు. రాతిలో అందరికీ స్థానం దొరికింది గానీ ఆ మండపంలో ఉరుమువాడికి చోటు నేను చూడలేదు.

ఈ చెవులతోనే బెల్జియం వచ్చాను. పడమటి ఫ్లాండర్స్‌లో ఈపర్ అనే చిన్న ఊరు ఉంది. బ్రస్సెల్స్ నుంచి రైల్లో రెండు గంటల లోపు ప్రయాణం. మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్లపాటు దాని చుట్టూనే తుపాకులు మోగాయి. ఊరు నేలమట్టమైంది. ఇవాళ కనిపించే బట్టల వర్తకుల మహామందిరం, దాని గడియార స్తంభం, చుట్టూ ఇళ్లు పాత నమూనా ప్రకారం మళ్లీ కట్టినవే. ఆ పని పూర్తయ్యేసరికి 1967 అయింది.

ఊరి తూర్పు ప్రాకారంలో మెనిన్ గేటు. సైనికులు ఆ దారినే యుద్ధభూమికి పోయేవారు. రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్ గీసిన నమూనాతో అక్కడ పెద్ద కమాను కట్టి 1927 జూలై 24న తెరిచారు. లోపలా మెట్ల పక్కనా గోడల నిండా పేర్లు, 54 వేల పైచిలుకు. శవం దొరకనివాళ్లు, దొరికినా ఎవరో తెలియనివాళ్లు. అంత గోడా చాలక 1917 ఆగస్టు నడిమి తర్వాత చనిపోయినవాళ్ల పేర్లు దగ్గర్లోని టైన్ కాట్ శ్మశానంలో చెక్కారు. అవి మరో 35 వేలు.

రోజూ రాత్రి ఎనిమిది గంటలకు ఆ కమాను కింద బ్యూగిల్ ఊదుతారు. 1928 జూలై 2న మొదలైన పద్ధతి. ఎనిమిదికి కాస్త ముందు పోలీసులు వచ్చి రెండు వైపులా బండ్లు ఆపుతారు. మెనిన్ గేటు మ్యూజియం కాదు, కింద నుంచి మామూలు రోడ్డు పోతుంది. కూరగాయల వ్యాను, సైకిలు మీద పిల్ల, అందరూ ఆగుతారు. బ్యూగిల్ వాళ్లు రోడ్డు మధ్యకు నడిచివచ్చి "లాస్ట్ పోస్ట్" ఊదుతారు. బ్రిటిష్ పటాలాల్లో రాత్రి కావలివాళ్ల తనిఖీ ముగిసిందని చెప్పే సంకేతం అది. రాను రాను సైనికుడి అంత్యక్రియలకు వాడుకయింది. బ్యూగిల్‌కు మీటలు ఉండవు. పెదవుల బిగువు, ఊపిరి, అయిదారు స్వరాలు. అంతటితోనే పని. తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం, పూలచక్రాలు, చివర మేలుకొలుపు బాణీ. బండ్లు కదులుతాయి. అంతా కలిపి ఒక సినిమా పాటకన్నా మరీ ఎక్కువ సేపు పట్టదు. చప్పట్లు కొట్టకూడదు.

నేను వెళ్లిన సాయంత్రం వేరే దేశం నుంచి వచ్చిన సైనిక బ్యాండు కూడా ఉంది. బయటి నుంచి బ్యాండ్లు, గాయక బృందాలు అనుమతి తీసుకుని వచ్చి పూలచక్రాలు ఉంచేటప్పుడు వాయిస్తాయి. కమాను పైకప్పు సగం గొట్టంలా ఒంపు తిరిగి ఉంటుంది, మధ్యలో ఆకాశం కనిపించే గుండ్రటి కంతలున్నాయి. ఇత్తడి వాద్యాలన్నీ కలిసి లేచేసరికి శబ్దం గోడలకు కొట్టుకుని పేర్ల మీదుగా తిరిగి వచ్చింది. బాగుంది. కానీ నాకు పట్టుకున్నది బ్యాండు కాదు. దానికి ముందు ఊదిన బ్యూగిల్ వాళ్లు.

వాళ్లు సైనికులు కారు. ఆ ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు. పగలు ఎవరి పని వాళ్లది, ఎక్కడైనా మంట లేస్తే పరుగెత్తాలి, సాయంత్రం వంతు ప్రకారం బ్యూగిల్ పట్టుకుని రావాలి. తండ్రి తర్వాత కొడుకు అందుకున్న ఇళ్లూ ఉన్నాయట. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరు పట్టుకున్నప్పుడు ఇక్కడ ఆగింది. అప్పుడు ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో ఊదారు. 1944 సెప్టెంబర్ 6న పోలండు సేన ఊరిని విడిపించింది. ఊళ్లో ఇంకా తుపాకులు చల్లారక ముందే ఆ సాయంత్రం మళ్లీ ఊదారు. 2015 జూలై 9కి 30 వేల సార్లు పూర్తయింది. కరోనా రోజుల్లో జనాన్ని రానివ్వలేదు. ఒక్క మనిషి వచ్చి ఖాళీ రోడ్డు మీద ఊదిపోయాడు.

నాకు వీరాపురం గుర్తుకొచ్చింది. రెట్ట పడినా కంపు కొట్టినా చెట్టు కొట్టనివాళ్లు, ఎవరూ చూడకపోయినా ఎనిమిదింటికి ఊదేవాళ్లు. పక్కన నిలబడ్డ ఆంధ్రా మిత్రుడు ఈ పోలిక విని నవ్వాడు. నవ్వనీ. ఢిల్లీ విజయ్ చౌక్‌లో జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్ నాకు తెలియనిది కాదు. 1950ల నుంచి జరుగుతోంది, మూడు దళాల బ్యాండ్లు, వెనక రైసినా కొండ, 2022 నుంచి డ్రోన్లు కూడా. గాంధీకి ఇష్టమైన ఇంగ్లీషు కీర్తన ఆ ఏడే తీసేశారు, దాని మీద పేపర్లలో కొన్నాళ్లు రచ్చ. అది రాజ్యం చేసే పండగ, చూడముచ్చటగా ఉంటుంది. టీవీలో చూసి లేచిపోతాం. ఈపర్‌లో చేసేది ఊరు. నాకు ఊరు చేసేదే నచ్చింది.

ఆ గోడ మీద మనవాళ్లు ఉన్నారా అని వెతకడం ఎవరికైనా సహజం. భారతీయులున్నారు. 1914 సెప్టెంబర్ చివర మార్సేల్స్ రేవులో దిగిన లాహోర్ డివిజన్‌లోని దళాలు నెల తిరిగేసరికి ఈపర్ పక్క కందకాల్లో ఉన్నాయి. నూలు బట్టలతో, ఫ్లాండర్స్ చలిలో. ఆ అక్టోబర్ 31న 129వ బలూచీ పటాలం మిషన్‌గన్ సిపాయి ఖుదాదాద్ ఖాన్ హొలెబెకె దగ్గర, తోటివాళ్లంతా పడిపోయాక, తనూ గాయపడి తుపాకి వదల్లేదు. విక్టోరియా క్రాస్ గెలుచుకున్న తొలి భారతీయ సైనికుడు ఆయనే. మరుసటి ఏప్రిల్ 22న జర్మన్లు ఇక్కడే విషవాయువు వదిలారు. నాలుగు రోజులకు లాహోర్ డివిజన్‌ను మళ్లీ ఇదే నేలకు తెచ్చి ఆ వాయువులోకి నడిపించారు. సరిహద్దు దాటి ఫ్రాన్సులోని నవ్ షాపెల్‌కు వెళితే ఒక్క భారతీయుల కోసమే కట్టిన స్మారకం ఉంది. హెర్బర్ట్ బేకర్ కట్టాడు. గుండ్రటి ప్రాంగణం, పద్మం ఉన్న స్తంభం, రెండు పులులు, 4,700 పైగా పేర్లు.

పేర్లు చదువుతూ పోతే సింగులు, ఖాన్‌లు, థాపాలు, రావత్‌లు. దక్షిణాది పేర్ల కోసం నా కళ్లు అలసిపోయాయి. దానికి కారణముంది. తెలుగువాళ్లు పద్దెనిమిదో శతాబ్దం నుంచే మద్రాసు సైన్యంలో ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దం చివరలో "యుద్ధజాతులు" అన్న సిద్ధాంతం వచ్చి, ఉత్తరాది కొండజాతులు పోరాడతాయి, దక్షిణాదివాళ్లు పనికిరారు అని తేల్చారు. మద్రాసులో సేనాధిపతిగా చేసిన లార్డ్ రాబర్ట్స్ దానికి పెద్ద సమర్థకుడు. మద్రాసు పటాలాలు తగ్గిపోయాయి. మిగిలిన మద్రాసు సాపర్లు వంతెనలు కడుతూ, కందకాలు తవ్వుతూ ఎక్కువగా మెసపొటేమియాకూ తూర్పు ఆఫ్రికాకూ పోయారు. అయినా ఊళ్లకు ఊళ్లు పటాలంలో చేరిన చోట్లు మనకున్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి "మిలిటరీ మాధవరం" అనే పేరు ఊరికే రాలేదు.

మెసపొటేమియాలో చనిపోయినవాళ్లకు స్మారకం 1929లో బస్రాలో కట్టారు. 40 వేల మందికి పైగా. దాని మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారతీయ అధికారుల పేర్లున్నాయి. మామూలు భారతీయ సిపాయి పేరు లేదు. ఫలానా పటాలం, ఇంతమంది అని అంకె ఉంది. 1997లో సద్దాం హుస్సేన్ ఆ కట్టడాన్ని పెకిలించి ఎడారిలోకి మార్పించాడు, అది వేరే కథ. యుద్ధ సమాధుల కమిషన్ ఈ వివక్షను 2021 ఏప్రిల్‌లో గానీ ఒప్పుకోలేదు. ఆఫ్రికా, ఆసియా సైనికుల్లో 45 వేల నుంచి 54 వేల మందికి ఇతరులతో సమానమైన గుర్తింపు ఇవ్వలేదని, కనీసం 1,16,000 మందికి, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో గుర్తింపే లేదని నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పింది. మెనిన్ గేటు కింద బ్యూగిల్ విన్నాక ఈ అంకెలు చదివితే కోపం వస్తుంది. తోటివాళ్లకు పేరు చెక్కిన రాతి మీదే మనవాడికి లెక్క రాశారు.

2025 మే 9న మా పక్క మండలం పేరు దేశమంతా విన్నది. గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడు. ఆపరేషన్ సిందూర్ రోజులవి. 2022 డిసెంబర్లో అగ్నివీరుడిగా చేరిన లంబాడీ యువకుడు. నాసిక్‌లో శిక్షణ. తల్లిదండ్రులు ముంబై పోయి కూలి పని చేసి బతికినవాళ్లు. కరువు సీమలో ఎవరికి ఏ దారి దొరికితే ఆ దారి. ఆ తల్లిదండ్రులకు ముంబై, కొడుక్కు పటాలం, నాకు బెల్జియం. టికెట్ల ధరలు వేరు గానీ బయల్దేరిన కారణం ఒకటే.

మురళీ నాయక్‌ను బెంగళూరు దాకా విమానంలో, అక్కడి నుంచి రోడ్డు మీద తీసుకొచ్చారు. ఆ ఫోన్ వీడియోలు నేను ఇక్కడ చూశాను. దారి పొడవునా జనం, జెండాలు, పూలు. ఎన్నడూ ఆగని ఆ రోడ్డు పక్కన లారీలు నిలబెట్టి డ్రైవర్లు దిగి చూశారు. ఆదివారం కల్లితండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు. ఉప ముఖ్యమంత్రి, మంత్రులు వచ్చారు. ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల పొలం, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఏడుస్తున్న గుంపు మధ్య యూనిఫారం వాళ్లు నిశ్చలంగా నిలబడి చేసే ఆ క్రమం ఎక్కడైనా ఒకటే. తుపాకులు తలకిందులు చేయడం, గాల్లోకి కాల్చడం, లాస్ట్ పోస్ట్. ఈపర్‌లో ఊదే స్వరాలే మన పటాలాలు కూడా ఊదుతాయి. దొరలు వదిలిపోయిన వాటిలో దీన్ని మార్చాలని ఎవరికీ తోచకపోవడం మంచిదే. చావు వార్తను భాష లేకుండా చెప్పే బాణీ మళ్లీ కొత్తగా కట్టడం తేలిక కాదు.

పేర్ల విషయంలో మనం బస్రా తప్పు చేయలేదు. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత చనిపోయిన పాతిక వేల మందికి పైగా పేర్లు, హోదాతో పని లేకుండా, గ్రానైట్ ఇటుకల మీద చెక్కి ఉన్నాయి. అక్కడ రోజూ సాయంత్రం ఒక అమరుడి కుటుంబం చేత పూలచక్రం ఉంచి బ్యూగిల్ ఊదుతారు. ఢిల్లీ పోయే మనవాళ్లు ఇండియా గేటు ముందు సెల్ఫీ దిగి ఐస్‌క్రీం తిని వెనక్కి తిరుగుతారు. ఇంకొంచెం దూరం నడవరు. సాయంత్రం వేళ నడిచి చూడండి.

అంత దూరం వద్దనుకుంటే బెంగళూరు ఉంది. అలసూరు చెరువు పక్క మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ కేంద్రం, 1780లో పుట్టిన అదే మద్రాసు సాపర్ల ఇల్లు. శిక్షణ ముగిశాక కసం పరేడ్, అంటే ప్రమాణం చేసే కవాతు, జరుగుతుంది. బ్యాండు ముందు, కుర్రవాళ్లు వెనక. గోడల మీద పేర్లు చూసి వచ్చిన కంటికి ఆ పరేడ్ మరోలా కనిపిస్తుంది. కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులను చూడాలి. కొత్త చీరలో ముడుచుకుని కూర్చున్న తల్లి, వరసలో తన కొడుకు ఎవరో పోల్చుకోలేని తండ్రి. అందరికీ ఒకే క్షవరం, ఒకే టోపీ. బ్యాండు మోగుతుంటే ఎవరి కొడుకో తెలియక అందరికీ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నిషేధించే ధైర్యం ఏ పటాలానికీ లేదు.

ఇప్పటికీ తెల్లవారుజామున మా ఊరి నుంచి లేపాక్షి వైపు రోడ్డు మీద పిల్లలు పరుగెత్తుతుంటారు. భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. అగ్నివీరుల్లో నాలుగేళ్లయ్యాక పాతిక శాతం మందినే ఉంచుకుంటారని వాళ్లకు తెలుసు. అయినా పరుగెత్తుతారు. 2025 మే తర్వాత ఆ పిల్లలు తగ్గుతారనుకున్నాను. తగ్గలేదని ఊరివాళ్లు చెప్పారు.

మెనిన్ గేటు సంగతి మా చిన్నాయనకు ఫోన్లో చెప్పాను. ఆయన జీవితమంతా చెనక్కాయ వేసి, రెండు బోర్లు ఎండబెట్టుకుని, ఇప్పుడు అరెకరం మల్బరీతో నెట్టుకొస్తున్నాడు. ముందు ఏమీ నమ్మలేదు.

"జీతమెంతిస్తారంట వాళ్లకి?"

"జీతం లేదు చిన్నాయనా. ఊరికే ఊదుతారు."

"రోజూనా?"

"రోజూ. తొంభై ఏళ్లు దాటింది."

"వానొస్తే?"

"వానొచ్చినా ఊదుతారు. ఈడ ఎప్పుడూ వానే కదా."

ఆ గోడ మీద పేర్లున్నవాళ్లలో కొందరిని వానే చంపిందని చెప్పాను. 1917 ఆగస్టులో విడవకుండా కురిసింది. బంకమన్ను నేల, కాలవలన్నీ ఫిరంగి గుండ్లకు తెగిపోయాయి. గుంతల్లో పడిన మనుషులూ కంచరగాడిదలూ పైకి రాలేక బురదలో మునిగిపోయారు. కందకం కొద్ది అడుగులు తవ్వితే నీళ్లు ఊరేవి, అందుకే చాలాచోట్ల కందకం లోతుగా తవ్వలేక నేల మీదే మూటలు పేర్చుకున్నారు. చిన్నాయన ఇదంతా విన్నాడు. యుద్ధం గురించి ఇంకో ప్రశ్న వేయలేదు.

"ఆ నేలల్లో ఏమేస్తారు?"

"ఉర్లగడ్డ. చక్కెర తీసే దుంప. మొక్కజొన్న."

"బోరు ఎన్నడుగులకు పడుతుంది?"

"బోరెందుకు చిన్నాయనా? గడ్డపారతో తవ్వితే నీళ్లే."

"పొద్దుపోని అబద్ధాలు చెప్పొద్దురా" అని ఫోన్ పెట్టేశాడు.